వర్షాన్ని ఆపని మాంత్రికుడు: ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ పుస్తకం నేను కొన్నది కాదు. ఒక ఆన్‌లైన్ పుస్తకాల షాపువాళ్లు పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. వీలుంటే ఒక వీడియో చేయమన్నారు, అంతే. చేస్తున్నాను. వాళ్లు ఆశించిన వీడియో ఇదేనా అంటే, చూడాలి.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ ఫాంటసీ కథలన్నీ కలిపి 2018లో తెచ్చిన పెద్ద ఎడిషన్ ఇది. చార్లెస్ వెస్ బొమ్మలు. పేజీలెన్ని, రేటెంత, ఏ ఏ కథలున్నాయి, ఇవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. దీన్ని పడుకుని చదవకండి. వెయ్యి పేజీల దగ్గర ఉంది, నిద్ర పట్టగానే సరిగ్గా ముక్కు మీద పడుతుంది. టేబుల్ మీద పెట్టుకుని చదవాల్సిన పుస్తకం. బొమ్మలు మాత్రం ఎంత బాగున్నాయంటే, 2019లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డుల్లో ఆర్ట్ బుక్ బహుమతి దీనికే ఇచ్చారు. లె గ్విన్ పోయింది 2018 జనవరిలో. అచ్చయిన పుస్తకాన్ని ఆవిడ చూసుకోలేదు.

ఇందులో అన్ని నవలలూ ఉన్నా, ఈరోజు మాట్లాడేది మొదటిదాని గురించే. ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’, 1968. విడిగా అయితే ఇది రెండు వందల పేజీల చిన్న నవల. నా పాత కాపీ అదే. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరుస్తారు కదా, అక్కడ దొరికింది. దాంట్లో మ్యాపు పేజీ ఎవరో చింపేశారు. ఈ కథంతా సముద్రంలో వందలాది ద్వీపాల మధ్య, పడవ మీద నడుస్తుంది. ఏ దీవి ఎటుందో తెలియకుండానే మొత్తం చదివాను. ఇప్పుడు కొత్త ఎడిషన్‌లో మ్యాపు చూస్తే, హీరో ఎంత దూరం తిరిగాడో అర్థమై గుండె గుభేలుమంది.

సరే, ఈ వీడియోకి అసలు కారణం వేరే ఉంది. ఈ పుస్తకాన్ని నేను చాలామంది చేత చదివించాను, బలవంతంగా. వాళ్లు చెప్పిన అభిప్రాయాలు విని ఒంటికి కారం రాసుకున్నట్టయింది. అందుకని వాటికి ఇక్కడ జవాబు చెప్పుకుంటున్నాను.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. చదివి, “పిన్నీ, ఇది ఆ కళ్లజోడు కుర్రాడి కథకి కాపీ కదా” అంది. మాంత్రికుల బడి ఉంది, పొగరుబోతు సహవిద్యార్థి ఉన్నాడు, మొహం మీద మచ్చ ఉంది, అంటే కాపీ అట. అమ్మా తల్లీ, ఆ కళ్లజోడు కుర్రాడు, అదే హ్యారీ పాటర్, వచ్చింది 1997లో. ఇది అంతకు 29 ఏళ్ల ముందుది! కాపీ కొడితే ఎవరు ఎవర్ని కొట్టాలి? నేను ఆ మాట కూడా అనను, మాంత్రికుల బడి అనేది ఎవరి సొంత ఆస్తీ కాదు. కానీ క్యాలెండర్ అనేది ఒకటి ఉంటుంది.

ఈ నవల పుట్టిన తీరు కూడా బాగుంటుంది. 1967లో బర్క్‌లీలోని పార్నాసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ లె గ్విన్‌ని టీనేజ్ పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని అడిగింది. మాంత్రికులంటే అప్పటిదాకా కథల్లో అందరూ తెల్లగడ్డం ముసలాళ్లే. మరి గడ్డం నెరవక ముందు వాళ్లేం చేసేవాళ్లు? ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? ఎన్ని తప్పులు చేశారు? ఆవిడ అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. అలా వచ్చినవాడే గెడ్. గాంట్ అనే కొండ దీవిలో మేకలు కాసుకునే కుర్రాడు. తల్లి లేదు, తండ్రి కంచు పనివాడు, పట్టించుకోడు. ఊళ్లో చిన్నచిన్న మంత్రాలు వేసే పెద్దమ్మ ఒకామె మేకల్ని పిలిచే మాట అనడం విని, వీడూ అంటాడు. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగేసి వదలవు. నవల మొదట్లోనే ఉంది ఇది. చదువుతుంటే నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.

రెండో అభిప్రాయం మా ఆఫీసులో ఒకాయనది. “ఏమీ జరగదండీ. అంత పెద్ద మాంత్రికుడట, వర్షంలో తడుస్తూ కూర్చుంటాడు.” ఇదిగో, ఈ మాటకే నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు సరిగ్గా అదే.

గెడ్‌కి మొదటి గురువు ఓగియన్. భూకంపాన్నే ఆపినవాడని పేరు. గెడ్ శిష్యుడిగా చేరి, మొదటి రోజే ఏవో మంత్రాలు నేర్పేస్తాడనుకుంటాడు. ఓగియన్ మాట్లాడడు. నడుస్తాడు, మూలికలు చూపిస్తాడు, మళ్లీ నడుస్తాడు. దారిలో వాన వస్తుంది. ఊళ్లోని సాదాసీదా మంత్రగాడైనా రెండు మాటలు అని మబ్బుని పక్కకి తోసేస్తాడు. ఓగియన్ ఒక చెట్టు కిందికెళ్లి హాయిగా పడుకుంటాడు. కుర్రాడు తడిసిన పొదల్లో ముడుచుకుని, ఇంత శక్తి ఉండి వాడుకోకపోతే ఎందుకని లోలోపల ఉడికిపోతుంటాడు. మా ఆఫీసాయన కూడా అలాగే ఉడికిపోయాడన్నమాట, పేజీ బయట కూర్చుని.

తర్వాత గెడ్ చేరిన రోక్ దీవిలోని మాంత్రికుల బడిలో కారణం తెలుస్తుంది. ఇక్కడ కురిపించిన వాన ఇంకెక్కడో కరువు కావచ్చు. ఈ తీరంలో గాలిని అణిచేస్తే, ఆ తీరంలో తుపాను లేవచ్చు. మంత్రం వేస్తే లోకంలో ఎక్కడో లెక్క కదులుతుంది. చాలా ఫాంటసీ నవలల్లో మంత్రం వేసినవాడికి అలసట వస్తుంది, ముక్కులోంచి రక్తం కారుతుంది, కాసేపు పడుకుంటే సరి. ఇక్కడ ఆ ఖర్చు నీకు పరిచయమే లేని మరొకడి నెత్తి మీద పడుతుంది. 1968లో, పిల్లల పుస్తకంలో, ఇంత బాధ్యత గల మంత్రశాస్త్రం రాయడం ఏంటండీ!

ఇక పేర్లు. నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే, తొందరున్నవాళ్లు ముందుకి జరుపుకోండి.

ఎర్త్‌సీలో ప్రతి మనిషికీ వాడుక పేరు ఒకటి, అసలు పేరు ఒకటి. మనిషికే కాదు. రాయికి, గద్దకి, అలకి, డ్రాగన్‌కి, అన్నిటికీ అసలు పేరుంది. ఆ పేరు తెలిసినవాడి చేతిలో అది ఉన్నట్టే. అందుకని పదమూడో ఏట గురువు చెవిలో చెప్పిన పేరుని ఎవరూ బయటికి చెప్పరు. మన ఇళ్లల్లో నక్షత్రాన్ని బట్టి పెట్టే జన్మనామం ఉంటుంది కదా, పంతులుగారు అడిగితే తప్ప బయటికి రాదు. దాని వెనక ఇంత ప్రమాదం ఉందని ఊహించుకోండి. మన మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, చిలకని పట్టుకుంటే ఫకీరు పని అయిపోతుంది. ఇక్కడ చిలకా లేదు, సముద్రాలు దాటక్కర్లేదు. ఒక్క మాట చాలు.

పేర్లు ఉచితంగా రావు. రోక్‌లో వాటిని నేర్పే గురువు బడికి దూరంగా ఒంటి గోపురంలో ఉంటాడు. పిల్లలు అక్కడికెళ్లి జాబితాలు బట్టీ పట్టాలి. ఆ రాసిన సిరా అర్ధరాత్రికల్లా మాయమైపోతుంది, ఆలోపే నోటికి రావాలి. సముద్రం అనే ఒక్క పేరు తెలిస్తే సముద్రం లొంగదు. ప్రతి అఖాతానికీ, ప్రతి పాయకీ వేరే పేరుంది. నీకు ఎంతవరకు పేర్లు తెలుసో అంతవరకే నీ మంత్రం. మా అక్క కూతురు ఈ అధ్యాయం చదివి, “అచ్చం ఇంటర్ హాస్టల్ లాగా ఉంది” అంది. అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకోలేకపోయాను.

కానీ ఈ పేర్ల గొడవని ఆవిడ నియమంగా చెప్పి వదిలేయలేదు, కథలోకి తెచ్చింది. పొగరుకు పోయి, పందెం కాసి, గెడ్ చచ్చిపోయినవాళ్లని పిలిచే మంత్రం వేస్తాడు. దాంతో పాటు ఒక నీడ ఈ లోకంలోకి వచ్చి పడుతుంది. దాన్ని వెనక్కి తోయబోయి బడి పెద్ద ప్రాణమే పోగొట్టుకుంటాడు. గెడ్ నెలల తరబడి మంచం మీద ఉండి, మొహం మీద మచ్చతో లేస్తాడు. ఎవరూ దగ్గరికి రారు. అప్పుడు వెచ్ అనే స్నేహితుడు, చదువు ముగించుకుని ఇంటికి వెళ్లిపోతూ, వెళ్లే ముందు తన అసలు పేరు గెడ్‌కి చెప్తాడు. ఎలాంటి ముందుమాటా లేకుండా, ఊరికే చెప్పేస్తాడు. అప్పటికి మనకి నియమం తెలుసు కాబట్టి అతను తన ప్రాణాన్ని తీసి వీడి చేతిలో పెట్టాడని తెలుస్తుంది. నవల మొత్తంలో ‘నువ్వు నా స్నేహితుడివి’ అనే డైలాగు రాయక్కర్లేకుండా పోయింది ఆవిడకి.

ఇంకోటి. డ్రాగన్. గెడ్ దాని పేరు పాత చరిత్రల్లోంచి ఊహించి పట్టుకుంటాడు. ఆ డ్రాగన్ తెలివైనది, బేరం పెడుతుంది: నన్ను వదిలేయ్, నిన్ను వెంటాడుతున్న ఆ నీడ పేరు నీకు చెప్తాను. వాడికి ఈ లోకంలో కావలసింది ఆ ఒక్క మాటే! కానీ కింద దీవిలోని జాలర్లకి, పడవలు కట్టుకునేవాళ్లకి, కాపాడతానని మాటిచ్చి వచ్చాడు. ఏం చేస్తాడో చెప్పను. ఇక్కడ కత్తియుద్ధం లేదు, మంటలు పెద్దగా లేవు. ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ పేజీల్లో టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి. ఏమీ జరగదట!

హా, ఆ చిన్న జంతువు గురించి చెప్పలేదు. గెడ్ దగ్గర ఓటక్ అనే ఎలుకంత ప్రాణి ఉంటుంది. అది ఉన్నప్పుడు దాని విలువ తెలియదు. ఇంతకంటే మాట్లాడితే ఏడుస్తాను, వదిలేద్దాం.

ఇప్పుడు నేను జవాబు చెప్పలేని అభిప్రాయం. నాతో పాటు చదివిన స్నేహితురాలిది. “ఆడవాళ్లెక్కడ?” అంది. నిజమే. బడిలో ఆడపిల్లలు లేరు. ఆడవాళ్ల మంత్రం బలహీనమని, దుష్టమని ఆ దీవుల్లో సామెతలున్నాయి, కథ వాటిని అలాగే అప్పజెప్పేస్తుంది. పల్లె మంత్రగత్తె పెద్దమ్మ, మాయ చేసే అందగత్తె ఒకామె, చివర్లో వెచ్ చెల్లెలు యారో. ఆ అమ్మాయి ఉన్న కాసిని పేజీలూ వెలుగుతాయి, ఇంకా ఉంటే బాగుండుననిపిస్తుంది. ‘అప్పటి కాలం అలాంటిది’ అని నేను సర్దిచెప్పను. ఎందుకంటే లె గ్విన్ తనే సర్దిచెప్పుకోలేదు. 1990లో ‘తెహాను’ రాసి, అదే లోకాన్ని వంటింటి వైపు నుంచి, ఆడవాళ్ల వైపు నుంచి తిరగేసి చూపించింది. తను కట్టిన ఇంటి గోడలు తనే కొట్టి చూసుకున్న రచయితలు ఎంతమంది ఉంటారు?

రంగు విషయంలో మాత్రం 1968లోనే ముందుంది. గెడ్ ఎర్రమట్టి ఛాయ. వెచ్ నల్లటివాడు. తెల్లవాళ్లంటే దీవుల మీదికి దాడి చేసే కార్గ్ సైనికులు. ఈ సంగతిని మొదటి పేజీలో చాటింపు వేయకుండా, మనం గెడ్‌తో నడవడం మొదలుపెట్టాక మెల్లగా చెప్తుంది. అయినా ఏళ్ల తరబడి కవర్ల మీద తెల్ల కుర్రాణ్ణే వేశారు. 2004లో అమెరికాలో టీవీ సిరీస్ తీసినప్పుడు కూడా గెడ్ తెల్లవాడే, ఆవిడ కోపంగా వ్యాసమే రాసింది. మన జానపద సినిమాల్లో రాజకుమారుడు తెల్లగా, మాంత్రికుడు మసి పూసుకుని ఉండటం చూసి పెరిగినదాన్ని నేను. నల్లటివాడు మంచివాడిగా, మాంత్రికుడిగా, కథ మొత్తం మోసేవాడిగా కనిపిస్తే ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు.

భాష గురించి ఒక్క ముక్క. సంభాషణలు తక్కువ, అవ్వ కూర్చుని చెప్తున్నట్టు సాగుతుంది. మొదటి ముప్పై పేజీలు కొందరికి దూరంగా అనిపిస్తుంది. ఇంగ్లిష్ కష్టం కాదు, ఇంటర్ పిల్లలు హాయిగా చదవచ్చు. గట్టిగా చదివితే ఇంకా బాగుంటుంది.

కొనాలా? ఈ పెద్ద ఎడిషన్ ఎర్త్‌సీ ముందే ఇష్టపడ్డవాళ్లకి. కొత్తవాళ్లు విడి నవల, సెకండ్ హ్యాండ్‌లో అయినా సరే తీసుకోండి, మ్యాపు ఉందో లేదో చూసి మరీ. మార్కులు వేయమంటే నేను వేయను, నాకు ఈ పుస్తకం మీద న్యాయంగా ఉండటం చేతకాదు. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో రాయండి, ‘స్లో’ అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోకండి. పీడీఎఫ్ లింకులు దయచేసి అడగకండి.

వచ్చే వీడియో రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ మీద. దాంట్లో కథ ఒక అమ్మాయిది, గెడ్ చాలాసేపటిదాకా అసలు రాడు. నా స్నేహితురాలికి ఇప్పటికే పంపేశాను.