బొగ్గు ఇంజనుకు నీళ్లు పట్టడం అంత తేలిక కాదు

[దృశ్యం: రాజమండ్రి రేవు నుంచి పాత హేవలాక్ బ్రిడ్జి]

1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన వంతెన ఇది. దీని మీద ఎన్నో ఏళ్లు నడిచినవి బొగ్గు ఇంజన్లే. పేరు బొగ్గుదే గానీ, ఇంజను ఎక్కువగా తాగేది నీళ్లు. డబ్ల్యూపీ రకం లాంటి పెద్ద ఇంజను వెనక నీళ్లు, బొగ్గు మోసే పెట్టె, అంటే టెండర్‌లో దాదాపు 25 వేల లీటర్లు పట్టేవి.

[దృశ్యం: వాటర్ కాలమ్ బొమ్మ]

అన్ని నీళ్లు పది నిమిషాల్లో నింపాలంటే నిమిషానికి 2,500 లీటర్లు రావాలి. మన ఇంటి కుళాయితో అయ్యే పనేనా? అందుకే ఎత్తున ట్యాంకు, లావాటి పైపు, పట్టాల పక్కన ఇలా చెయ్యి చాచిన ఇనప స్తంభం.

ఈ చెయ్యి తిరిగే కీలు దగ్గర నీరు కారకుండా గ్రీజు పట్టించిన తాడు చుట్టి బిగించేవారు. వదులైతే కారుతుంది, మరీ బిగిస్తే చెయ్యి కదలదు. వాల్వును మాత్రం నిదానంగా మూయాలి. ఇంత లావు పైపులో పరుగెత్తే నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ దెబ్బ పైపు జాయింట్ల మీద పడుతుంది. నింపాక చేతిని పట్టాలకు సమాంతరంగా తిప్పి, కదలకుండా బంధించాలి. మరిచిపోతే వచ్చే రైలుకు తగులుతుంది.

[దృశ్యం: వరద గోదావరి]

అసలు కష్టం నీటితోనే. గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే మన ఇళ్లలో బిందెలో ఇండుపగింజ అరగదీసేవారు. అదే బురద టెండర్‌లోకి పోతే అడుగున పేరుకుని, బాయిలర్‌లోకి నీరు తోసే ఇంజెక్టరుకు అడ్డం పడుతుంది. కాబట్టి ముందు తొట్టెల్లో నిలవబెట్టి తేర్చాలి, ఆ తొట్టెల్లో బురద ఎప్పటికప్పుడు ఎత్తాలి. పంపు ఫుట్‌వాల్వుకు గుర్రపుడెక్క చుట్టుకుంటే ఏమవుతుందో మోటారు పెట్టుకున్న రైతుకు నేను చెప్పక్కర్లేదు.

పోనీ, బోరు వేద్దామా? భీమవరం, నరసాపురం వైపు భూమిలో నీరు చాలాచోట్ల ఉప్పన. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. లీటరుకు ఒక్క గ్రాము ఉన్నా, 25 వేల లీటర్లు మరిగేసరికి బాయిలర్‌లో 25 కిలోలు మిగులుతుంది! అప్పుడు నీరు నురగ కట్టి, ఆవిరితో కలిసి సిలిండర్లలోకి పోతుంది. నీరు ఆవిరిలా నొక్కుకుపోదు కదా, సిలిండరు మూతే పగిలే ప్రమాదం ఉంది. అందుకే బాయిలర్ అడుగు నీటిని మధ్యమధ్యలో బయటికి వదిలేవారు, షెడ్డులో చల్లార్చి లోపలంతా కడిగేవారు.

ఇక వేసవిలో కాలువలు కట్టేస్తారు. కాలువ నీటి మీద బతికే చోట, మన ఊళ్లు మంచినీటి చెరువులు నింపుకున్నట్టే ముందే నిల్వ చేసుకోవాలి. చెరువు గట్టుకు గండి పడకుండా చూడడం కూడా రైలు నడపడంలో భాగమే అని నేనంటాను.

[దృశ్యం: పాత స్టేషన్, ప్లాట్‌ఫారం చివర]

మీ స్టేషన్‌లో ఇలాంటి స్తంభం మిగిలి ఉంటే, దాని కీలు దగ్గర తుప్పు ఎంత పట్టిందో కనబడేలా ఒక ఫొటో పంపండి. ప్లాట్‌ఫారం మీద నుంచే తీయండి, పట్టాల మీదికి దిగొద్దు.