రంభ ఒడ్డున గరుడ పక్షులు, సింగపూర్ కాలువలో నీటికుక్కలు

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? ఈసారి నేను సింగపూర్‌లో లేను. ఒడిశాలో, గంజాం జిల్లా రంభలో, మా పిన్ని వాళ్లింట్లో ఉన్నాను. నా వెనకాల కనిపిస్తున్నది చిలికా సరస్సు, దాని దక్షిణపు కొస. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకూ ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం, ఛత్రపురం, రంభ వైపు తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బజారుకెళ్తే ఒడియా, ఇంటికొస్తే తెలుగు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడి కొడుకు ఒక ప్రశ్న వేశాడు. "అత్తా, సింగపూర్‌లో అన్నీ పెద్ద పెద్ద బిల్డింగులే కదా, అక్కడ మీకు కాకులైనా కనిపిస్తాయా?" అని. వాడికి నా ఫోన్లో ఉన్న వీడియోలన్నీ చూపించాను. పొద్దున్నే లేచి అందరం పడవెక్కి చిలికా దీవులు కూడా చూసొచ్చాం. ఆ రెండు చోట్ల కబుర్లూ కలిపి ఇవాళ మీకు చెప్తాను.

ముందు సింగపూర్. భూమధ్యరేఖకు దాదాపు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి అది. ఏడాది పొడవునా ఎండా, వానా, ఉక్కపోత. చలికాలం అన్నదే లేదు. అలాంటి చోట నాలుగు చెట్లుంటే చాలు, ఏదో ఒక ప్రాణి వచ్చి చేరిపోతుంది. నేనుండే పేట పాసిర్ రిస్. ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో సముద్రం ఒడ్డున పార్కు ఉంది, అందులో ఒక మడ అడవి ఉంది. బురదలో దిగకుండా చూడ్డానికి దాని మధ్యలోంచి చెక్క వంతెన వేశారు. నా మార్నింగ్ వాక్ అక్కడే.

తెల్లవారుజామున నిద్ర లేపేది కోయిల. మన కోయిలే, ఆసియా కోయిల. అక్కడ ఏడాదిలో చాలా నెలలు కూస్తూనే ఉంటుంది. తెల్లారకముందే మొదలుపెడుతుందని విసుక్కునే వాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ కూత వింటే మా బరంపురం ఇంటి పెరట్లో మామిడి చెట్టు గుర్తొస్తుంది, అలారం కంటే అదే హాయి.

ఆటు సమయంలో వంతెన మీద ఒక్కచోట కదలకుండా నిలబడితే బురదంతా కదులుతున్నట్టు ఉంటుంది. అవి మడ్‌స్కిప్పర్లు. చేపలే గానీ బురద మీద ముందు రెక్కలతో పాకుతాయి, గెంతుతాయి. కళ్లు రెండూ నెత్తి మీద బుడిపెల్లా ఉంటాయి. కాసేపటికోసారి ఆ కళ్లు గుంటల్లోకి దిగి, తడి చేసుకుని మళ్లీ పైకొస్తాయి. వీడియోలో చూడండి, ఒకటి ఇంకొకదాని హద్దులోకి వచ్చింది. ఇంటి యజమాని వీపు మీది రెక్క నిటారుగా నిలబెట్టి ఎలా తరిమిందో! మా వాడు ఇది పదే పదే వేయించుకుని చూశాడు.

ఆ తర్వాత ఉడుములు. మన వైపు చూసే ఉడుము కంటే చాలా పెద్దది, నీటి ఉడుము. కాలువ గట్టున ఎండకు కాగుతూ పడుకుంటుంది. కొన్ని మనిషి పొడవు ఉంటాయి. నడకదారికి అడ్డంగా వస్తే సైకిళ్ల వాళ్లు ఆగిపోతారు, పిల్లల బండి తోసుకొస్తున్న వాళ్లు ఆగిపోతారు. అది చీలిన నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తూ, వాసన చూసుకుంటూ, తీరిగ్గా దాటుతుంది. ఎవరూ అరవరు, రాయి విసరరు. పక్కనున్న పిల్లకు తల్లి మెల్లగా చెప్తుంది, దగ్గరికెళ్లకు, దాని దారిన దాన్ని పోనీ అని. ఆ దేశంలో నాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

ఇన్నింటిలోనూ నాకు ప్రాణం నీటికుక్కలంటే, అదే, ఓటర్లంటే. ఒకప్పుడు సింగపూర్ నదులన్నీ మురికి కాలువలైపోయి 1970ల నాటికి ఇవి దాదాపు కనిపించకుండా పోయాయి. 1977లో మొదలుపెట్టి పదేళ్లపాటు సింగపూర్ నదిని శుభ్రం చేశారు. 1990ల చివర్లో నీటికుక్కలు వాటంతట అవే తిరిగొచ్చాయి. ఇప్పుడు ఊరి నడిబొడ్డున, ఆకాశహర్మ్యాల కింద కూడా కుటుంబాలు కుటుంబాలుగా తిరుగుతున్నాయి. మా పార్కు పక్కన కాలువలోకి కూడా వస్తాయి. ముందు కీచుకీచుమని పిల్లల గోల వినిపిస్తుంది, తర్వాత నీళ్ల మీద వరసగా తలలు తేలుతాయి. చేపను రెండు చేతులతో నిలువుగా పట్టుకుని తల వైపు నుంచి మొదలుపెడతాయి. కటకటమని ఎముకలు నమిలే చప్పుడు గట్టు మీదకి వినిపిస్తుంది. తిన్నాక గడ్డిలో, ఇసుకలో పొర్లి ఒళ్లు ఆరబెట్టుకుంటాయి. ఆ పూట ఆఫీసులో ఎంత టెన్షన్ ఉన్నా ఆ పొర్లాట తలుచుకుంటే మనసు తేలికపడుతుంది.

అప్పుడప్పుడూ ఆదివారాలు ఉబిన్ దీవికి వెళ్తాం. ఛాంగి విలేజ్ దగ్గర రేవులో పన్నెండు మంది పోగయ్యాక పడవ కదులుతుంది, పది నిమిషాల ప్రయాణం. హార్న్‌బిల్ పక్షులకు అది పుట్టిల్లులాంటిది. వందేళ్లకు పైగా సింగపూర్‌లో కనిపించని ఈ పక్షులు 1994లో మళ్లీ ఆ దీవిలోనే కనిపించాయి. తర్వాత వాటి కోసం చెట్లకు గూడు పెట్టెలు కట్టారు, సంతతి పెరిగింది. ఇప్పుడు మా పార్కులో కూడా ఉన్నాయి. గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, ముక్కు కొస పట్టేంత సందు మాత్రం వదిలి, లోపలి నుంచి ద్వారం మూసేసుకుంటుంది. మగపక్షి వారాల తరబడి పళ్లూ పురుగులూ తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. అది వాలగానే లోపలి నుంచి ఒక తెల్లటి ముక్కు కొస బయటికి రావడం, పండు అందుకుని మాయమవడం నేను చూశాను. ఇది చెప్తుంటే పిన్ని, "పురిటింటికి భోజనం క్యారేజీ పంపినట్టే ఉందే" అని మురిసిపోయింది.

ఇక ఇవాళ పొద్దుటి సంగతి.

రంభ రేవు దగ్గర చేపలు దించే వేళకే గరుడ పక్షులు వచ్చేస్తాయి. తెల్లటి తల, తెల్లటి రొమ్ము, ఇటుక రంగు రెక్కలు. చేపలు బాగుచేసే ఆమె పేగులు నీళ్లలోకి విసిరిందో లేదో, ఒకటి వాలుగా దిగి కాళ్లతో అందుకుని, నీళ్లు తాకకుండానే పైకి లేచిపోయింది. ఎగురుతూనే కాలు ముందుకు తెచ్చుకుని తినేసింది. పిన్ని చెప్పులు విప్పి దండం పెట్టుకుంది. ఇంట్లో కూడా అంతే, గరుడ పక్షి కనిపిస్తే చేస్తున్న పని ఆపేస్తుంది. సింగపూర్‌లో మా పార్కు మీద తిరిగేదీ ఇదే పక్షి. అక్కడ నేనూ చేతులు జోడిస్తాను, అలవాటు.

రంభ దగ్గర దీవులు చిన్నవి, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నీళ్ల మధ్య బండ మీద కోసుగా ఒక స్తంభం కనిపిస్తుంది, అది బీకన్ ఐలాండ్. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టర్‌గా ఉన్న స్నాడ్‌గ్రాస్ దీపం పెట్టడానికి కట్టించాడంటారు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఖల్లికోట రాజుల బంగళా శిథిలం ఉంది. బర్డ్స్ ఐలాండ్‌లో పెద్ద పెద్ద బండలు పక్షుల రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. వల కట్టిన వెదురు గుంజల మీద నీటికాకులు రెక్కలు విప్పి ఎండలో ఆరబెట్టుకుంటున్నాయి. ఒక నలుపూ తెలుపూ లకుముకి పిట్ట గాల్లో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ, ముక్కు కిందికి పెట్టి నిలబడింది. ఉన్నట్టుండి రాయిలా పడింది. ఉత్త ముక్కుతో పైకొచ్చి మళ్లీ అదే చోట నిలబడింది. మా వాడు చప్పట్లు కొట్టబోతే నేనే చేయి పట్టుకుని ఆపాను.

వీటన్నింటిలో నన్ను కట్టిపడేసింది బర్కుడా దీవి. 1917లో ఈ చిన్న దీవి మీదే కాళ్లు లేని బల్లి జాతి ఒకదాన్ని నెల్సన్ అన్నండేల్ లోకానికి పరిచయం చేశాడు. ఆయన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి డైరెక్టర్. ఆ బల్లి శాస్త్రీయ నామంలో కూడా ఈ దీవి పేరే ఉంది, బర్కుడియా ఇన్సులారిస్. చూడ్డానికి వానపామునో చిన్న పామునో పోలి ఉంటుంది, మట్టిలో, ఆకుల కింద బతుకుతుంది. చాలా అరుదుగా తప్ప ఎవరి కంటా పడదు. మేమూ చూడలేదు, ఆకులు తిరగేసి వెతకలేదు కూడా. దాని ఇల్లది. మర్రి ఊడల కింద, అది ఈ మట్టిలోనే ఎక్కడో ఉందన్న ఎరుకతో నడవడమే నాకు ఎంతో సంతోషంగా అనిపించింది.

పడవ నడిపిన అన్న తెలుగాయనే. బాతుల గుంపు కనిపించగానే నేనేమీ అడక్కముందే వేగం తగ్గించాడు. "అమ్మా, ఇంకా దగ్గరికెల్తే లెగిసిపోతాయి. ఇక్కడే ఇంజను ఆపీస్తాను, సూడండి" అన్నాడు. ఆపగానే అప్పటిదాకా వినిపించని చప్పుళ్లన్నీ వినిపించాయి: సూదితోక బాతుల గుసగుస, చక్రవాకాల పిలుపు. కావ్యాల్లో విరహం పడే చక్రవాకం ఇదేనని చెప్తే మా తమ్ముడు కూడా బైనాక్యులర్స్ లాక్కుని చూశాడు. దాల్చినచెక్క రంగు ఒళ్లు, మీగడ రంగు తల, నీళ్ల మీద జంటగా.

ఆ అన్న చేసిన పని ఎంత విలువైనదో చెప్పాలి. ఈ పక్షులు మధ్య ఆసియా, సైబీరియా, మంగోలియా, లడఖ్ వైపుల నుంచి వస్తాయి. తల మీద నల్ల పట్టీలుండే బాతు (బార్-హెడెడ్ గూస్) అయితే హిమాలయాలు దాటి వస్తుంది. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వంతా ఇక్కడే తిని కూడబెట్టుకోవాలి. మనం ఫొటో కోసం పడవ మీదికి తోలి లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టినది కరిగిపోతుంది. జనవరిలో జరిగే లెక్కింపులో ఈ మధ్య ఏళ్లలో చిలికాలో 11 లక్షలకు పైగా పక్షులు తేలాయి. వాటిలో ఎక్కువ చేరే నలబణ దీవిలో మనుషులు దిగకూడదు. 15 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండే ఆ దీవి వానాకాలంలో నీళ్లలో మునిగిపోయి, నీళ్లు తగ్గాక మళ్లీ తేలుతుంది.

సింగపూర్‌లోనూ 2020 నుంచి అడవి జంతువులకు తిండి పెట్టడం నేరం. మొదటిసారి దొరికినా 5,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా. కోతులున్నా పార్కుల్లో చేతిలో సంచీ లాక్కునే కోతి తక్కువే కనిపించడానికి ఇలాంటి కట్టుబాట్లే కారణమని నా నమ్మకం. అడవి జంతువును చూసే ఆనందమంతా అది తన పని తాను చేసుకుంటున్నప్పుడే ఉంటుంది. రోజూ అదే గట్టుకి, అదే వేళకి వెళ్తే ఏ గుంజ మీద ఏ నీటికాకి వాలుతుందో తెలిసిపోతుంది. జీపెక్కి పులి కోసం వెతికిన వాళ్లకు ఈ పరిచయం దొరకదు.

మా బాబాయి ఇంకో మాట చెప్పారు. 1990ల్లో చిలికా బాగా దెబ్బతింది. సముద్రంతో కలిసే ముఖం పూడుకుపోయి ఉప్పు తగ్గింది, కలుపు అల్లుకుంది, చేపలు పడిపోయాయి. 1981లోనే రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరిన ఈ సరస్సును 1993లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తవ్వాక ఉప్పునీరు లోపలికొచ్చింది, చేపలూ పీతలూ పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు. అక్కడ నది కడిగితే నీటికుక్క వచ్చింది, ఇక్కడ ముఖం తెరిస్తే చేప వచ్చింది, వెనకే పక్షీ వచ్చింది.

రావాలనుకునే వాళ్లకు: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. హౌరా-చెన్నై రైలు మార్గం సరస్సు అంచునే వెళ్తుంది. పెద్ద రైళ్లకైతే బరంపురంలోనో బాలుగావ్‌లోనో దిగండి. పొద్దున్నే బయల్దేరండి, బేరం ముందే మాట్లాడుకోండి, పక్షుల దగ్గర ఇంజను ఆపమని చెప్పండి. ఇర్రావడి డాల్ఫిన్ల కోసమైతే రంభ కాదు, పూరీ జిల్లా సాతపడా వెళ్లాలి.

ఇక్కడికి దగ్గరలోనే రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ముఖద్వారం దగ్గర చేపల వేట ఆపుతారు. ఆ భారం మోసేది అక్కడి మత్స్యకారులు, వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లను తలుచుకోకుండా తాబేళ్ల వీడియో పెట్టడం నాకిష్టం లేదు. నా సెలవు అప్పటికి అయిపోతుంది కాబట్టి తమ్ముడు వెళ్లి తీసి పంపుతానన్నాడు. టార్చి, ఫ్లాష్ వేయొద్దనీ, అటవీ శాఖ వాళ్లు నిలబడమన్న చోటే నిలబడమనీ, జాలర్ల ఇళ్లలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి రమ్మనీ చెప్పాను.