స్నేహితుడి పుస్తకాల కోసం వెళ్ళిన చరిత్రకారుడు

వేదిక మీది పెద్దలకీ, ఈ ఉక్కపోతలో ఓపిగ్గా కూర్చున్న పిల్లలకీ నమస్కారం. పేరుపేరునా చెప్తే నాకిచ్చిన అరగంటలో పావుగంట దానికే పోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

జపాన్ చరిత్ర రాసిన విదేశీ పరిశోధకుల గురించి మాట్లాడమన్నారు. నేను మూడు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటిది జార్జ్ సాన్సమ్. బ్రిటిష్ ఎంబసీలో ఉద్యోగం చేసుకుంటూ 1931లో జపాన్ సాంస్కృతిక చరిత్ర రాశాడు, తర్వాత కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. గౌరవంగా బతికాడు, గౌరవంగా పోయాడు. మొదటి భాగం అయిపోయింది. ఎందుకంటే నేను నిజంగా చెప్పాలనుకున్నది రెండో ఆయన గురించి. ఈ సంచిలో ఉన్న పుస్తకం ఆయనదే. ఇది నా చేతికెలా వచ్చిందో చివర్లో చెప్తాను.

ఆయన పేరు ఎగర్టన్ హెర్బర్ట్ నార్మన్. 1909లో జపాన్‌లోని కరుయిజావాలో పుట్టాడు. తల్లిదండ్రులు కెనడా నుంచి వెళ్ళిన మెథడిస్ట్ మిషనరీలు. కుర్రతనంలోనే క్షయ పట్టుకుంది. అది తగ్గాక టొరంటోలో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లో చదివాడు. కేంబ్రిడ్జ్‌లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అక్కడ ఆయనకి పార్టీ అప్పగించిన పనేమిటో తెలుసా? మన దేశం నుంచి వెళ్ళిన విద్యార్థుల మధ్య తిరగడం! పాతికేళ్ళ కుర్రాడు, ఒకపక్క హిట్లర్ వచ్చాడు, ఇంకోపక్క ఊళ్ళ నిండా నిరుద్యోగం. ఆ రోజుల్లో ఆ వయసులో ఎంతమంది అటు వెళ్ళలేదు? మన స్వాతంత్ర్య పోరాటంలో ఎంతమంది వెళ్ళలేదు? ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది.

అక్కణ్ణించి అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో డాక్టరేట్ చేశాడు. 1940లో పుస్తకం వచ్చింది. పేరు 'జపాన్స్ ఎమర్జెన్స్ యాజ్ ఎ మోడరన్ స్టేట్'. పరీక్షల్లో మీరు 'మెయిజీ పునరుద్ధరణకు కారణములు తెలుపుము' అని ఐదు మార్కులకి రాస్తారు చూడండి, ఆ ఐదు మార్కుల వెనకాల రైతు ఎక్కడున్నాడని ఆయన వెతికాడు. ఆ పునరుద్ధరణలో, అంటే 1868లో, చక్రవర్తి పేరు మీద పగ్గాలు పట్టింది కిందిస్థాయి సమురాయిలు అనే యోధులు, వాళ్ళ వెనక నిలబడింది పెద్ద వర్తకులు. మరి రైతుకి ఏం ఒరిగింది? 1873లో భూమి విలువలో మూడు శాతం పన్ను పెట్టారు. ధాన్యం పనికిరాదు, డబ్బే కట్టాలి. పంట పండినా అంతే, ఎండినా అంతే. డబ్బు లేనివాడు అప్పులవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు, భూమి పోగొట్టుకున్నాడు, సొంత పొలంలోనే కౌలుదారుడయ్యాడు. మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఇది నేను విడమర్చి చెప్పాలా? తిరుగుబాట్లు లేచాక 1877లో పన్ను రెండున్నరకి దించారు. వెదురు బల్లెంతో ఒక్క పోటు పొడిస్తే రెండున్నర శాతం బయటికొచ్చిందని అక్కడి జనం చెప్పుకున్నారు.

సైన్యంలో నిర్బంధ భర్తీ మీద 1943లో ఇంకో పుస్తకం రాశాడు. ఆ భర్తీ ప్రకటనలో 'రక్త పన్ను' అనే మాట వాడారు. ఊళ్ళలో జనం నిజంగానే ఒంట్లోంచి రక్తం తీస్తారనుకుని అల్లర్లకి దిగారు. నవ్వకండి. సర్కారు భాష రైతుకి అర్థమయ్యేలా ఎప్పుడు రాశారు కనక?

ఇంత పని చేసిన మనిషి ప్రొఫెసర్‌గా స్థిరపడలేదు. 1939లోనే కెనడా విదేశాంగ శాఖలో చేరాడు. చరిత్ర రాసిందంతా ఉద్యోగం చేస్తూ, మిగిలిన టైములోనే.

ఇప్పుడు అసలు కథ. వెనక బెంచీలవాళ్ళు కాస్త ఫోన్లు పక్కన పెట్టండి, ఇది మీకోసమే.

1942. యుద్ధం నడుస్తోంది. టోక్యోలో చిక్కుకుపోయిన కెనడా, అమెరికా ఉద్యోగుల్ని ఒక ఓడలో ఎక్కించారు. అమెరికాలో చిక్కుకున్న జపాన్ వాళ్ళని ఇంకో ఓడలో ఎక్కించారు. రెండూ ఆఫ్రికా తీరంలో లొరెంసో మార్కెస్ రేవులో కలిశాయి. ఇప్పుడు దాని పేరు మపూటో. ఈ ఓడ మనుషులు ఆ ఓడలోకి, ఆ ఓడ మనుషులు ఈ ఓడలోకి. ఆ గందరగోళంలో నార్మన్‌కి హార్వర్డ్ నాటి స్నేహితుడు త్సురు షిగెటో ఎదురుపడ్డాడు. ఆర్థికశాస్త్రవేత్త. మాట్లాడుకోవడానికి ఎంతసేపు ఉంటుంది? రెండు దేశాలకీ యుద్ధం. ఆ కాస్త టైములో త్సురు చెప్పిందేమిటంటే, నా పుస్తకాలు అమెరికాలో నా ఇంట్లోనే ఉండిపోయాయి, నువ్వు తీసుకో అని.

ఇంటి సంగతి కాదు, సామాను సంగతి కాదు. పుస్తకాలు!

ఆ నవంబర్‌లో నార్మన్ వాటికోసం వెళ్ళాడు. అక్కడ అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్ళు ఉన్నారు. కంగారుపడ్డాడు పాపం. కెనడా ప్రభుత్వం పని మీద వచ్చానన్నాడు. కాసేపటికి, కాదు, నా సొంత ఆసక్తితోనే వచ్చాను అన్నాడు. ఆ అబద్ధం చెప్పడం తప్పే, నేను వెనకేసుకురాను. కానీ అది ఫైలుకెక్కింది. ఫైలుకి మతిమరుపు ఉండదు కదా.

యుద్ధం అయ్యాక మళ్ళీ టోక్యో వెళ్ళాడు, కెనడా తరఫున అక్కడ పెద్ద అధికారి అయ్యాడు. ఓడిన జపాన్‌ని అప్పట్లో ఏలుతున్న అమెరికా సేనాని మెకార్థర్ కూడా ఆయన మాట వినేవాడు. ఆ రోజుల్లోనే అందో షోయెకి మీద రాశాడు. 18వ శతాబ్దపు వైద్యుడు షోయెకి. తాను దున్నకుండా ఇంకొకరి పంట మింగేవాళ్ళని దొంగలన్నాడు, అందులో ప్రభువుల్నీ గురువుల్నీ ఎవరినీ వదల్లేదు. ఆయన రాతప్రతుల్లో చాలా భాగం 1923 భూకంపం మంటల్లో టోక్యో యూనివర్సిటీలో కాలిపోయింది. మిగిలినవాటితో నార్మన్ ఆయన్ని మళ్ళీ నిలబెట్టాడు. 'మరచిపోయిన ఆలోచనాపరుడు' అనే పేరుతో అది 1950లో జపనీస్‌లో వచ్చింది.

అదే ఏడు నార్మన్‌ని కెనడా రాజధాని ఒట్టావాకి పిలిపించి ప్రశ్నలు మొదలుపెట్టారు. కేంబ్రిడ్జ్, కమ్యూనిజం, త్సురు పుస్తకాలు. 1951లో, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా సెనేట్ ఉపసంఘంలో ఆయన పేరు చదివారు. కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ ఆయన పక్కన నిలబడ్డాడు. న్యూజిలాండ్ పంపారు, 1956లో ఈజిప్టుకి రాయబారిగా పంపారు. సూయెజ్ కాలువ గొడవలో ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని రానివ్వమని ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌ని ఒప్పించడానికి ఈయన తిరగని తిరుగుడు లేదు. 1957 మార్చిలో ఆ ఉపసంఘం పాత ఫైలు మళ్ళీ విప్పింది. అప్పుడు హార్వర్డ్‌లో ఉన్న త్సురుని పిలిచి సాక్ష్యం చెప్పించింది. పదిహేనేళ్ళ కిందటి ఆ పుస్తకాలు మళ్ళీ బయటికొచ్చాయి. ఏప్రిల్ 4న కైరోలో ఒక భవనం మీంచి దూకి నార్మన్ చనిపోయాడు. 47 ఏళ్ళు.

క్షమించండి, కొంచెం మంచినీళ్ళు.

ఆయన గూఢచారి అనడానికి ఆధారం లేదని 1990లో కెనడా ప్రభుత్వం వేయించిన నివేదిక తేల్చింది. ఇకపోతే పుస్తకాల సంగతి. ఆయన పోయాక అమెరికాలో జపాన్ చరిత్ర అంటే ఆధునికీకరణ విజయగాథగా మారింది, నార్మన్ రైతులు పక్కకి పోయారు. 1975లో అమెరికన్ చరిత్రకారుడు జాన్ డోవర్ ఆయన రచనల్ని మళ్ళీ అచ్చువేయించాడు. రెండేళ్ళకి ఇంకో చరిత్రకారుడు జార్జ్ అకితా, నార్మన్ ఆధారాల్ని సరిగ్గా వాడలేదని గట్టిగా విమర్శించాడు. అందులో కొన్ని తప్పులు నిజమే. తప్పులు పట్టుకోవాలన్నా ముందు చదవాలిగా!

నేను పనిచేసిన ఒక కాలేజీలో లైబ్రరీ సర్దారు. పాతవన్నీ తూకానికి వేశారు. నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. పాతపేపర్ల కొట్టుకి పరుగెత్తాను. అట్టల గుట్టలో ఇదొక్కటే దొరికింది. వెనక తేదీల కాగితం చూడండి, ఒకటే ముద్ర. అది నాదే. కొట్టు కుర్రాడు త్రాసులో పెట్టి పన్నెండు రూపాయలన్నాడు. బేరమాడలేదు.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. మూడో భాగం ఇంకోసారి చెప్తాను, పిలిస్తే. ఈ పుస్తకం మీ లైబ్రరీకి ఇచ్చేస్తున్నాను. లైబ్రేరియన్ అమ్మా, ఆ రిజిస్టరు ఇలా తీసుకురండి, నేను చూస్తుండగా నంబరు వెయ్యండి. మొదట ఎవరు తీసుకుంటారు? ఆ మూడో వరసలో పాప చెయ్యెత్తింది. రా అమ్మా.