రెండు ఎరుపుల మధ్య ఒక మొహం

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఆ ట్యూబ్‌లైట్లు ఆర్పేసి, కిటికీ తెరలు పూర్తిగా పక్కకు లాగండి. మబ్బుగా ఉందని మొహమాటపడకండి. మా పనికి మబ్బు పట్టిన పగలే మంచిది. నీడలు గట్టిగా పడవు, ఎండ పసుపు మొహానికి అంటదు.

నేనేం చేస్తుంటానో చెబితే చాలామంది నవ్వుతారు. మనుషుల్ని కిటికీ ఎదురుగా కూర్చోబెట్టి, మెడ కింద ఒకదాని తర్వాత ఒకటి రంగు గుడ్డలు వేసి తీస్తుంటాను. దీనికి పర్సనల్ కలర్ అనాలిసిస్ అని పెద్ద పేరు. "నాకు నప్పే రంగేదో నాకు తెలియదా?" అంటారు. మనకు బాగా తెలిసింది మనకు ఇష్టమైన రంగు. ఇష్టం వేరు, నప్పడం వేరు. నాకు ఆవపొడి రంగంటే ప్రాణం. ఆ రంగు చొక్కా వేసుకున్న రోజు ఎవరో ఒకరు "ఒంట్లో బాగాలేదా?" అని అడగకుండా ఉండరు.

మాటలెందుకు, చేసి చూపిస్తాను. రెండో వరుసలో కళ్లజోడు పెట్టుకున్నవారు, మీరు రండమ్మా. ఇలా కిటికీ వైపు తిరిగి కూర్చోండి. కళ్లజోడు తీసేయండి, జుట్టు వెనక్కి వేసుకోండి. మీరు వేసుకున్న బట్టల రంగు అడ్డం రాకుండా ఈ బూడిద రంగు గుడ్డ కప్పుతున్నాను.

నా చేతిలో రెండు గుడ్డలున్నాయి, రెండూ ఎరుపే. ఇది ఇటుక ఎరుపు, పసుపు కలిసింది. ఇది దానిమ్మ గింజ ఎరుపు, ఇందులో నీలం ఛాయ ఉంది. ముందు ఇటుక ఎరుపు వేస్తున్నాను. గుడ్డ సంగతి వదిలేసి మొహం చూడండి. కళ్ల కింద నలుపు చూడండి. ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా దిగే గీత చూడండి. ఇప్పుడు మారుస్తున్నాను. తేడా లేదంటున్నారు వెనకనుంచి ఎవరో. సరే, ఈసారి గబగబా మారుస్తాను. ఇది, అది. మళ్లీ ఇది, అది. ఆ, ఇప్పుడు "అరే" అన్నారు! దవడ అంచు చూశారా? ఇటుక ఎరుపు వేసినప్పుడు మెడలో కలిసిపోతోంది, దానిమ్మ ఎరుపు రాగానే గీసినట్టు తేలుతోంది. ఒక్క రంగే వేసి అద్దంలో గంటసేపు చూసుకున్నా ఏమీ తెలియదు. కంటికి పోలిక కావాలి. థాంక్సమ్మా, కాసేపు అక్కడే కూర్చోండి, మళ్లీ మీతో పనుంది.

ఇలా ఎందుకవుతుందో రెండు వందల ఏళ్ల కిందటే ఒకాయన తల బద్దలు కొట్టుకున్నాడు. మిషెల్ యూజీన్ షెవ్రల్ అని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి 1824లో అధిపతిగా వెళ్లాడు. నల్ల ఉన్ని నల్లగా ఉండటం లేదు, వెలిసినట్టుందని అక్కడ ఫిర్యాదు. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. ఆ నల్ల దారాన్ని నీలం, ఊదా రంగుల పక్కన నేస్తున్నారు, చిక్కంతా అక్కడుంది. ఒక రంగు తన పక్కవాడి రంగును మన కంట్లో మార్చేస్తుందని తేల్చి, 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. అందులో బట్టలకూ మేని ఛాయకూ ఉన్న సంబంధం గురించి కూడా రాశాడు. గులాబీ ఛాయ తక్కువైన తెల్లని మొహం పక్కన లేత ఆకుపచ్చ పెడితే ఆ గులాబీ పెరిగినట్టు కనిపిస్తుంది. అదే గులాబీ రంగు గుడ్డ పెడితే, ఎంత గులాబీ మొహమైనా కళ తగ్గుతుంది. అన్నట్టు ఆయన 102 ఏళ్లు బతికాడు. రంగుల మహిమ అనను గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆకుపచ్చ గుడ్డ మన కంట్లో మొహానికి ఎరుపు పెంచుతుంది. కానీ అదే గుడ్డ మీద వెలుగు పడి గడ్డం కిందికి ఎగసినప్పుడు నిజంగానే అక్కడ ఆకుపచ్చ పూస్తుంది. ఒకటి కంటి భ్రమ, ఒకటి అసలు వెలుగు, రెండూ చెరో వైపు లాగుతాయి. మెరిసే గుడ్డ మీద ఎండ పడితే రెండోది గెలుస్తుంది. మెరుపులేని గుడ్డ, నీడపట్టు వెలుగు ఉంటే మొదటిది. ఒకే రంగు చొక్కా ఒకచోట బాగుండి ఇంకోచోట తేలిపోవడానికి ఇదొక కారణం.

ఇక నప్పే రంగుల్ని బట్టి వసంతం, వేసవి, శరత్తు, శీతకాలం అంటూ మనుషుల్ని నాలుగు రుతువుల్లో వేసే పద్ధతి మీలో చాలామంది వినే ఉంటారు. 1980లో కరోల్ జాక్సన్ రాసిన పుస్తకంతో అది అమెరికాలో ఇంటింటికీ పాకింది. తర్వాత నాలుగు పన్నెండయ్యాయి. నేనూ దాంతోనే నేర్చుకున్నాను, ఇప్పటికీ వాడతాను. కానీ నల్లజుట్టు, నల్లకళ్లు ఉన్నవాళ్లను దాదాపు అందర్నీ తీసుకెళ్లి శీతకాలంలో పడేస్తే ఎలా? ప్రపంచంలో సగానికి పైగా మనం ఆ ఒక్క గదిలో ఇరుక్కుంటాం.

అందుకే నేను రుతువు కంటే ముందు మూడు సంగతులు చూస్తాను. ఆల్బర్ట్ మన్సెల్ అనే చిత్రకారుడు 1905లో రంగుకు మూడు కొలతలు చెప్పాడు, వాటి ఆధారంగానే. రంగు పసుపు వైపు మొగ్గిందా, నీలం వైపా? లేతా, ముదురా? నిగ్గుగా ఉందా, మసకగా ఉందా? అందరూ మొదటిదాని వెంట పడతారు. నా అనుభవంలో చామనఛాయ మొహాలకు ఎక్కువసార్లు తేడా తెచ్చేది మూడోది. నిగ్గు తట్టుకునే మొహం మీద మసక రంగు వేస్తే బూడిద చల్లినట్టుంటుంది. మసక నప్పే మొహం మీద నిగ్గు రంగు వేస్తే గుడ్డ ముందొచ్చి, మనిషి వెనకొస్తాడు.

మణికట్టు నరాలు నీలంగా ఉంటే చలవ ఛాయ, అంటే నీలం వైపు రంగులు నప్పుతాయని, ఆకుపచ్చగా ఉంటే వేడి ఛాయ, అంటే పసుపు వైపువి నప్పుతాయని చెప్పే పరీక్షను నేను నమ్మను. నరాల్లో ఉండేది ఎర్రటి రక్తమే. చర్మం వెలుగును చెదరగొట్టే తీరు వల్ల నీలంగా కనిపిస్తుంది. నరం ఎంత లోతున ఉందో, పైన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎంతుందో, గదిలో ఏ బల్బు వెలుగుతోందో, వీటన్నిటితోనూ మారుతుంది. ఫోన్ కెమెరాను అసలే నమ్మను. తెలుపును తనకు తోచినట్టు సర్దేస్తుంది.

వెలుగు విషయంలో నేనే దెబ్బతిన్నాను. కొత్తలో ఒకావిడకు సాయంత్రం పూట, మీగడ రంగు గోడల గదిలో, పసుపు వెలుగు బల్బు కింద చూశాను. ఇటుక, తేనె, నాచుపచ్చ అని చక్కగా జాబితా రాసిచ్చాను. రెండు వారాలకు ఆవిడ ఆ జాబితా పట్టుకుని వచ్చి, కొత్త జాకెట్టు భుజం మీద వేసుకుని, ఏమీ అనకుండా గుమ్మంలో ఎండపొడలో నిలబడ్డారు. నేనూ ఏమీ అనలేకపోయాను. జ్వరం పడి లేచినట్టున్నారు. ఫీజు తిరిగిచ్చి, మర్నాడు పగలు మళ్లీ చూశాను.

ఒక్క మాట కాస్త గట్టిగా చెబుతాను. "ఈ రంగులో తెల్లగా కనిపిస్తున్నానా?" అని అడిగేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. తెల్లగా కనిపించడం, బాగా కనిపించడం ఒకటి కాదు. పాలిపోయినా తెల్లగానే కనిపిస్తాం కదా. నల్లని మేనివాళ్లు ముదురు రంగులు కట్టకూడదనే సలహా వెనక ఉన్నదీ ఈ తెలుపు పిచ్చే. నేను చూసేది మొహమంతా ఒక్క తీరున ఉందా, కళ్లు ముందు కనిపిస్తున్నాయా అన్నదే. చిక్కటి నల్లని మొహం కింద నిగ్గుదేలే నీలం వేసి చూడండి, కళ్లలో తెలుపు ఎలా వెలుగుతుందో.

నప్పని రంగు బట్టలు పారేయమని నేను చెప్పను. ఈ లెక్కంతా మెడ దగ్గరే. ఆవపొడి రంగు ప్యాంటు నేనిప్పటికీ వేస్తాను, ఇదిగో చూడండి. చొక్కాయే వేయాలనిపిస్తే మెడలో నప్పే రంగు స్కార్ఫ్ ఒకటి చుట్టుకుంటాను. జుట్టు నెరిసినప్పుడు, రంగు వేసినప్పుడు, వేయడం మానేసినప్పుడు మాత్రం మళ్లీ చూసుకోవాలి. జుట్టు కూడా మొహం పక్కన వేసిన గుడ్డే.

మబ్బు ఇంకా దట్టమవుతోంది. ఈ వెలుగు ఇంకో అరగంట ఉంటుందేమో. నలుగురికి చూడగలను. అమ్మా, మీరింకా లేవకండి, మీకు నీలాలు చూపించాలి. ఆ చివర నెరిసిన గడ్డం పెద్దాయన, మీరూ కుర్చీ ఇటు లాక్కోండి. లైట్లు మాత్రం ఎవరూ వేయకండి.