నాలుగు, ఐదు, ఆరు

అందరికీ నమస్కారం.

నా తప్పొకటి చెప్పి మొదలుపెడతాను. సినిమా చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నాకో పద్ధతి ఉండేది. మొదటి వారం వెండితెర మీద స్త్రీ. రెండో వారం జాతి, అంటే రేస్. మూడో వారం లైంగికత. నోట్సు మూడు ఫైళ్లలో ఉండేది, మూడింటికీ మూడు రంగుల అట్టలు. ఏ వారం ఫైలు ఆ వారం తీసి, పాఠం అవగానే మూసేసేదాన్ని. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, ఇవన్నీ ఒకే పేజీలో ఉన్నాయి కదా, మీరు వేరే వేరే వారాల్లో ఎందుకు చెప్తున్నారు?" అంది. సిలబస్ అలా ఉందమ్మా అన్నాను. జవాబు తెలియనప్పుడు టీచర్లు చెప్పే జవాబు అది.

ఆ పేజీ హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్‌లోది. స్టూడియోలు 1930లో తమకు తాము పెట్టుకున్న కట్టుబాట్లు. 1934 నుంచి గట్టిగా అమలయ్యాయి, అనుమతి ముద్ర లేకపోతే సినిమా హాళ్ల ముఖం చూడటం కష్టం. అందులో సెక్స్ అనే శీర్షిక కింద వరసగా అంకెలు వేసి నిషేధాలు రాశారు. నాలుగోది: లైంగిక వక్రత చూపకూడదు, అలాంటిది ఉందని స్ఫురింపజేయనూ కూడదు. స్వలింగ ప్రేమ వాళ్ల దృష్టిలో వక్రతే. ఐదోది: 'తెల్ల బానిసత్వం' జోలికి పోకూడదు. ఆడవాళ్లను వ్యభిచారంలోకి అమ్మేయడానికి ఆ రోజుల్లో వాడిన పేరు అది. ఆరోది: తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య లైంగిక సంబంధాలు చూపకూడదు.

నాలుగు, ఐదు, ఆరు. నా మూడు ఫైళ్లూ అక్కడ పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. ఐదో దాని పేరు మళ్లీ చూడండి. అమ్ముడుపోయిన ఆడదాని గురించి మాట్లాడాలన్నా ముందు ఆమె చర్మం రంగు చెప్పాల్సి వచ్చింది.

నిషేధం రాసినవాళ్లకు ఇవి మూడు సబ్జెక్టులు కావు. వాళ్లు కాపలా కాస్తున్నది ఒక్కదాన్నే: ఎవరు ఎవరిని కోరుకోవచ్చు, ఎవరికి ఎవరి పిల్లలు పుట్టొచ్చు. వంశం తెల్లగా ఉండాలంటే స్త్రీ మీద కాపలా ఉండాలి. పిల్లలు పుట్టని ప్రేమకు ఆ ఇంట్లో చోటు ఉండకూడదు. కాపలావాడికి తాళాలన్నీ ఒకే గుత్తిలో ఉంటాయి. చదువుకున్నవాళ్లమే వాటిని విడదీసి మూడు వారాలకు పంచుకున్నాం.

మాటలతో కూడా ఇబ్బందే. మన తెలుగులో జాతి అన్నది ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. జాతీయ జెండాలో ఒకటి, జాతి వివక్షలో ఇంకొకటి, ఏనుగు జాతి అన్నప్పుడు మరొకటి. వర్ణం అంటే రంగూ అవుతుంది, పుట్టుకా అవుతుంది. లింగం వ్యాకరణంలోకీ వెళ్తుంది, గుళ్లోకీ వెళ్తుంది. అందుకే జెండర్ అన్న మాటను తెచ్చుకుని వాడుకుంటున్నాం. తప్పేం లేదు.

ఆరో నిబంధన ఒక నటి జీవితంలో ఏం చేసిందో చూద్దాం. అన్నా మే వాంగ్ 1905లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. చైనా మూలాలున్న కుటుంబం. మూకీల కాలంలోనే పేరు తెచ్చుకుంది, యూరప్ వెళ్లి అక్కడా మెప్పించింది. చైనా రైతు కుటుంబం కథతో ఎం.జి.ఎం. స్టూడియో 'ది గుడ్ ఎర్త్' తీయబోతోందని తెలిసినప్పుడు, అందులో భార్య పాత్ర ఆమెదేనని చాలామంది అనుకున్నారు. రాలేదు. కారణం నటన కాదు. భర్త పాత్రకు అప్పటికే పాల్ మ్యూనిని తీసుకున్నారు. ఆయన తెల్లవాడు, మేకప్ వేసి చైనావాడిగా చూపుతారు. తెల్ల నటుడి పక్కన నిజమైన చైనా స్త్రీ భార్యగా కనిపిస్తే అది తెరమీద జాతుల కలయిక అవుతుంది. కోడ్‌లో రాసింది తెలుపు, నలుపు అనే అయినా, స్టూడియోలు దాన్ని సాగదీసి ఆసియా వాళ్లకూ వర్తింపజేశాయి. కాలిఫోర్నియా చట్టం కూడా 1948 దాకా అలాంటి పెళ్లిళ్లను ఒప్పుకోలేదు. కాబట్టి భార్యగానూ తెల్ల నటినే తీసుకున్నారు. లూయీస్ రైనర్. ఆ పాత్రకు ఆమెకు ఆస్కార్ వచ్చింది.

వాంగ్‌కు ఇస్తామన్నది అదే సినిమాలో లోటస్ పాత్ర, మగవాణ్ని వలలో వేసుకుని ఇంటికి చిచ్చుపెట్టే ఉంపుడుగత్తె. ఆమె వద్దంది. ఇక్కడ కాస్త ఆగుదాం. చైనా స్త్రీ భార్యగా కనిపించడానికి వీల్లేదు, మోహినిగా కనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆసియా స్త్రీకి తెరమీద దొరికేవి రెండు అచ్చులు. ఒకటి తెల్లవాణ్ని ప్రేమించి, వాడు వదిలేస్తే కన్నీళ్లతో చచ్చిపోయే అమాయకురాలు. రెండోది విషకన్య. రెండింటిలోనూ ఆమె కోరికకు కాపురం ఉండదు. ఇది జాతి వివక్షా, ఆడదాని మీద వివక్షా, లైంగికత మీద ఆంక్షా? చెట్టు ఏ కొమ్మ మీద నిలబడిందని అడిగినట్టు ఉంటుంది ఆ ప్రశ్న.

2022లో అమెరికా ప్రభుత్వం పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ ముద్రించింది. భార్య పాత్రకు పనికిరాని ముఖం అది.

హాటీ మెక్‌డేనియల్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. బానిసల కాలం నాటి కథ 'గాన్ విత్ ది విండ్'లో, తెల్ల యజమాని ఇంటి దాదిగా నటించి సహాయ నటి ఆస్కార్ గెలిచింది, నల్లజాతి వారిలో మొట్టమొదటి ఆస్కార్. 1940 ఫిబ్రవరి 29 రాత్రి, లాస్ ఏంజెలెస్ అంబాసిడర్ హోటల్లో విందు. నల్లవాళ్లను లోపలికి రానివ్వని హోటల్ అది. నిర్మాత మాట సాయంతో ఆమెను రానిచ్చారు కానీ, తోటి నటీనటుల బల్ల దగ్గర కాదు. దూరంగా గోడ వారన చిన్న బల్ల వేశారు. పేరు పిలిచాక ఆ గోడ దగ్గరనుంచి వేదిక దాకా నడిచి వచ్చింది. ఆ నడక దూరం ఎవరూ కొలిచినట్టు లేదు. ఆ ఏడాదులలో సహాయ నటులకు బొమ్మ ఇచ్చేవారు కాదు, చిన్న ఫలకం ఇచ్చేవారు. అది కూడా తర్వాత కనిపించకుండా పోయింది. 2023లో అకాడమీ ఇంకొకటి చేయించి హోవర్డ్ యూనివర్సిటీకి ఇచ్చింది.

ఈ బల్ల కథ అందరూ చెప్తారు. నాకు పాత్ర మీద ఆసక్తి. ఆ దాది, మామీ, లావుగా ఉంటుంది, వయసు మళ్లి ఉంటుంది, తలకు గుడ్డ కట్టుకుంటుంది. ఆమెకు మొగుడున్నాడో, ఆమెను ఎవరైనా కోరుకున్నారో, ఆమె ఎవరినైనా కోరుకుందో కథకు అక్కర్లేదు. యజమాని పిల్లలే ఆమె ప్రాణం. వాంగ్‌కు కోరికను మాత్రమే మిగిల్చారు, మెక్‌డేనియల్‌ నుంచి దాన్నే తీసేశారు. ఎందుకు తీసేశారు? బానిసల కాలంలో ఆ ఇళ్లలో యజమానులు నల్ల స్త్రీలను చెరచిన సంగతి, వాళ్లకు పుట్టిన పిల్లలనూ బానిసలుగా లెక్కగట్టిన సంగతి అమెరికాకు తెలుసు. ఆ ఇంటిని అందమైన పాత ప్రపంచంగా చూపాలంటే వంటింట్లో స్త్రీని ఎవరూ కోరనిదిగా చూపాలి. అమాయకమైనది ఆ పాత్ర కాదండీ, ఆ పాత్ర వల్ల అమాయకంగా కనబడేది యజమాని.

తెర వెనక్కి, ల్యాబ్‌లోకి వెళ్దాం. రంగుల ఫొటో ప్రింట్ తీసేచోట రంగులు సరిగ్గా వచ్చాయా లేదా చూసుకోవడానికి ఫిల్ము కంపెనీ కొడాక్ ఒక కార్డు పంపేది. అందులో ఒక యువతి బొమ్మ. మొదట్లో నిలబడ్డ మోడల్ పేరు షర్లీ, తర్వాత మోడళ్లు మారినా పేరు మారలేదు, షర్లీ కార్డు అనే మిగిలింది. తెల్లని ముఖం, కొట్టొచ్చే రంగుల బట్టలు, పక్కన 'నార్మల్' అన్న మాట. టెక్నీషియన్ ఆ కార్డును ప్రింట్ పక్కన పెట్టుకుని, షర్లీ చర్మం బాగా వచ్చేదాకా మిషన్ తిప్పేవాడు. షర్లీ బాగా వస్తే అంతా బాగున్నట్టు లెక్క. నల్లపిల్లా తెల్లపిల్లా పక్కపక్కన కూర్చున్న క్లాసు ఫొటోలో నల్లపిల్లకు కళ్లూ పళ్లూ మాత్రమే మిగిలేవి.

దీన్ని జాతి వివక్షకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. కానీ కార్డు మీద ఎందుకు ఎప్పుడూ ఒక అందమైన అమ్మాయే? చూడబడటం ఆమె పని, చూడటం మిషన్ దగ్గరున్నవాడి పని. షర్లీకి దక్కింది కూడా గౌరవమేమీ కాదు, కొలతరాయిలా వాడారు. నల్ల స్త్రీకి ఆ కొలతరాయి చోటు కూడా లేదు. అలా ఒకే కార్డులో ఇద్దరు స్త్రీలకు రెండు రకాల అన్యాయం ఉంది, ఒకదాన్ని చూస్తే రెండోది కనపడదు. ఫిల్ములో ముదురు రంగులు బాగా పట్టుబడేలా మార్పులు రావడానికి మొదట ఒత్తిడి తెచ్చినవాళ్లు ఎవరో తెలుసా? చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాను తయారుచేసేవాళ్లూ. ముదురు చాక్లెట్‌కూ లేత చాక్లెట్‌కూ తేడా ప్రకటనలో తెలియడం లేదని. నవ్వొస్తుంది, తర్వాత నవ్వు రాదు.

అమెరికా కోర్టులోనూ ఇదే జరిగింది. సెయింట్ లూయీస్‌లో ఐదుగురు నల్ల స్త్రీలు జనరల్ మోటార్స్ మీద దావా వేశారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్ల స్త్రీలను తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్లను ముందు తీసేసినప్పుడు, సహజంగానే వీళ్లు పోయారు. 1976లో జడ్జి ఏమన్నారంటే, కంపెనీ స్త్రీలను తీసుకుంది కదా, కాబట్టి స్త్రీలమీద వివక్ష లేదు. తీసుకున్నది ఆఫీసు పనులకు తెల్ల స్త్రీలను అన్నది వేరే సంగతి. జాతి వివక్ష అంటే నల్లవాళ్లు వేసిన ఇంకో దావాలో కలవమన్నారు. రెండూ కలిపి కొత్త హక్కు అడగడానికి చట్టం ఒప్పుకోదన్నారు. న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో రాసిన వ్యాసంలో ఈ తీర్పును ముందు పెట్టుకునే ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాట తెచ్చింది. రెండు మూడు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడే చోటు అని దానర్థం. తెలుగులో దాన్ని ఖండన అంటే తప్పుపట్టడం గుర్తొస్తుంది, నేను కూడలి అంటాను. ఆమె ఇచ్చిన పోలిక కూడా అదే. నాలుగు రోడ్ల మధ్య నిలబడ్డ మనిషిని బండి గుద్దితే అది ఏ వైపు నుంచైనా వచ్చి ఉండొచ్చు, ఒక్కోసారి అన్ని వైపుల నుంచీ.

అన్యాయాన్ని ఎదిరించేవాళ్లు ఈ తప్పు చేయరనుకోకండి. 1963 ఆగస్టు 28న నల్లవాళ్ల హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మార్చ్‌ను నడిపించినవాడు బేయార్డ్ రస్టిన్. స్వలింగ ప్రేమికుడని తెలుసు కాబట్టి నాయకులు ఆయన్ను ముందుకు రానివ్వడానికి జంకారు, ప్రత్యర్థులు సెనెట్‌లోనే ఆ మాటెత్తి రచ్చ చేశారు. అదే రోజు ప్రధాన ప్రసంగాల్లో ఒక్క స్త్రీకీ చోటు ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత, 1973లో న్యూయార్క్‌లో స్వలింగ ప్రేమికుల హక్కుల సభ, ప్రైడ్‌లో, ట్రాన్స్ ఉద్యమకారిణి సిల్వియా రివేరా జైళ్లలో మగ్గుతున్న ట్రాన్స్ మనుషుల గురించి మాట్లాడబోతే సొంత జనమే గోల చేసి దిగిపొమ్మన్నారు. ప్రతి ఉద్యమానికీ ఒక షర్లీ కార్డు ఉంటుంది.

ఇప్పుడైతే మిషన్లే ముఖాలు చూస్తున్నాయి. జాయ్ బువోలమ్విని, టిమ్‌నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకులు 2018లో మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముఖం చూసి ఆడా మగా చెప్పాలి. లేత రంగు పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. ముదురు రంగు స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. స్త్రీలందరి సగటు వేరేగా, నల్లవాళ్లందరి సగటు వేరేగా తీసి ఉంటే ఈ అంకె బయటపడేది కాదు. సగటు మంచి దుప్పటి, ఎవరి కాళ్లు బయటున్నాయో కనిపించనివ్వదు. ఆడా మగా అని రెండే గళ్లున్న మిషన్ ముందు ఆ రెండింటిలో పట్టని మనిషి నిలబడితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పలేదు, చెప్పడానికి గడే లేదు. ముఖం చూసి ఎవరు స్వలింగ ప్రేమికులో పట్టేస్తామని 2017లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఒక పరిశోధన వచ్చింది, వాళ్లు వాడినవి తెల్లవాళ్ల ఫొటోలు మాత్రమే. అలాంటి మిషన్ ఎవరికి కావాలన్నది నా మొదటి అనుమానం. రెండోది, ఆ ఊహా ప్రపంచంలో నల్ల స్వలింగ ప్రేమికుడు అసలు ఉన్నాడా అని.

కోడ్‌లో ఆరో నిబంధనను 1956లో తీసేశారు. నాలుగోది 1961లో సడలింది. కోడ్ 1968లో మొత్తంగా పోయింది. నల్లజాతి కుర్రాడు ఇంకో కుర్రాణ్ని ప్రేమించే కథకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ రావడానికి 2017 దాకా పట్టింది. ఆ రాత్రి కూడా ముందు వేరే సినిమా పేరు చదివారు, వాళ్లు వేదికెక్కి కృతజ్ఞతలు చెప్పుకుంటుండగా పొరపాటు బయటపడింది. 'మూన్‌లైట్'. దర్శకుడు బ్యారీ జెంకిన్స్ తన మనుషుల చర్మం మెరవాలనుకున్నాడు, పౌడరుతో చదును చేసిన ముఖాలు వద్దనుకున్నాడు.

బీచ్‌లో రాత్రి సీను రెండు నిమిషాలు వేస్తాను. కథ తెలియకపోయినా ఫర్వాలేదు, ఆ ఇద్దరి మెడల మీద, చేతుల మీద వెలుతురు ఎలా పడుతోందో చూస్తూ ఉండండి. వెనక స్విచ్ దగ్గరున్నవారు లైట్లు ఆర్పుతారా?