బెదురు గుర్రంతో బ్రిడిల్‌వే ఎక్కితే పూచీ ఎవరిది?

ఇంగ్లండ్‌లో బ్రిడిల్‌వేల మీద, అంటే నడిచేవాళ్లకీ గుర్రాలకీ వెళ్లే హక్కున్న దారుల మీద, గుర్రపు స్వారీ చేసేవాళ్లలో కొందరికి ఒక ధీమా ఉంటుంది. "సైకిళ్లవాళ్లే మాకు దారివ్వాలి, చట్టంలో ఉంది" అంటారు. ఉంది, కాదనను. 1968 కంట్రీసైడ్ చట్టం బ్రిడిల్‌వేల మీదికి సైకిళ్లను రానిస్తూనే, నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారివ్వాలని షరతు పెట్టింది. అంతమాత్రాన మన గుర్రం పూచీ కూడా వాళ్లదే అయిపోతుందా? నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

నిండు బిందె నెత్తిన పెట్టుకుని ఒకావిడ సంతలోంచి వెళ్తోందనుకోండి. అందరూ తప్పుకుంటారు, తప్పుకోవాలి కూడా. కానీ ఆవిడ ముందూ వెనకా చూసుకోకుండా నడిచి, ఎవరి మీదో ఒలకబోసి, "నువ్వే ఇంకాస్త జరగాల్సింది" అంటే ఊరుకుంటామా?

పైగా బిందెకి భయం ఉండదు. గుర్రానికి ఉంటుంది. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనకాల, ముక్కు ముందు తప్ప. చప్పుడు లేని సైకిల్ వచ్చేది ఆ వెనకనుంచే. ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షమైతే అదేమిటా అని గుర్రం ఆలోచించదు, ముందు పరుగందుకుంటుంది. అయితే అంతకు ముందే సూచనలిస్తుంది. చెవులు రెండూ ఒకేవైపు నిక్కుతాయి, మెడ బిగుస్తుంది, జీను కింద వీపు గట్టిపడుతుంది. దారిన పోయేవాళ్లకి ఇదంతా ఏం తెలుస్తుంది? తెలిసేది పైన కూర్చున్నవాళ్లకే. అప్పుడు ఫోన్ చూసుకుంటూ ఉంటే ఏమనాలి!

"గుర్రం బెదిరితే నేనేం చేస్తాను?" అనేవాళ్లు 1971 జంతువుల చట్టం గురించి వినాలి. డెవన్‌లో ఒక రాత్రి దేనికో బెదిరిన గుర్రాలు కంచె తోసుకుని పెద్ద రోడ్డెక్కి కారుని గుద్దాయి. డ్రైవర్‌కి తీవ్ర గాయాలు. యజమానుల నిర్లక్ష్యమేమీ లేదని తేలింది. అయినా 2003లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ చట్టం కింద బాధ్యత వాళ్లదేనంది. ప్రతి కేసూ ఇలాగే తేలుతుందని కాదు. కానీ బిందె జారడంలో మీ తప్పు లేకపోయినా, తడిసినవాడికి జవాబు మీరే చెప్పుకోవాల్సి రావచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. బిందె మోయడం పెరట్లో నేర్చుకోవాలి, సంతలో కాదు. సైకిల్, గొడుగు, కుక్క, పిల్లల బండి, అన్నీ ముందు మీ మైదానంలోనే అలవాటు చేయండి. మొదట్లో నిదానమైన గుర్రాన్ని తోడు తీసుకెళ్లండి. రోడ్డు విషయంలో హైవే కోడ్, అంటే అక్కడి రోడ్డు నియమాల పుస్తకం, చెప్పేదీ అదే. ఆదివారం రద్దీలోకి వద్దు. ఎవరైనా వస్తుంటే దూరంనుంచే "కొత్త గుర్రమండీ, కాస్త ఆగుతారా" అని మీరే అడగండి. వాళ్లు బదులిస్తే అవతల ఉన్నది మనిషేనని గుర్రానికీ తెలుస్తుంది. మరీ బిగుసుకుపోతుంటే, వీలు చూసుకుని దిగి నడిపించండి. పరువేం పోదు.

వీకెండ్ నడకకి వెళ్లే మనవాళ్లూ, సెల్ఫీ కోసం వెనకనుంచి దగ్గరికి వెళ్లకండి. తోకకి ఎర్ర రిబ్బన్ ఉంటే తన్నే గుర్రమని గుర్తు, ఆకుపచ్చదైతే ఇంకా అలవాటు పడనిదని. రౌతులూ, ఈ రంగుల సంగతి ఎదురొచ్చేవాళ్లలో చాలామందికి తెలియదు. రిబ్బన్ కట్టండి, నోటితో కూడా చెప్పండి.