అడిగే ప్రతివానికీ

శ్రోతలకు నమస్కారం.

మనలోని నిరీక్షణకు, అంటే దేవునిపై మనకున్న ఆశకు, కారణం అడిగే ప్రతివానికీ "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలని యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో, అంటే బైబిలులోని తన మొదటి లేఖలో, రాశాడు. సిద్ధంగా ఉండడం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. "అడిగే ప్రతివానికీ" అన్న మాట మాత్రం మన చెవిని దాటిపోతూ ఉంటుంది.

1219లో ఈజిప్టులోని డామియెట్టా నగరాన్ని క్రూసేడు సైన్యం, అంటే ముస్లింలపై మతయుద్ధానికి వెళ్లిన క్రైస్తవ సైన్యం, ముట్టడించి ఉండగా, ఇటలీలోని అస్సీసీకి చెందిన క్రైస్తవ సన్యాసి ఫ్రాన్సిస్ ఆయుధమేదీ లేకుండా, ఒక్క తోటి సన్యాసిని వెంటబెట్టుకొని, సుల్తాన్ అల్ కామిల్ శిబిరానికి నడిచి వెళ్లాడు. యుద్ధం నడుమ వచ్చిన ఆ ఇద్దరినీ చంపించడం సుల్తానుకు క్షణం పని. ఆయన చంపించలేదు, వారి మాట విన్నాడు. ఫ్రాన్సిస్ తన ప్రభువును గురించి ఏదీ దాచకుండా చెప్పాడు. సుల్తాను ముస్లింగానే ఉండిపోయాడు, ఫ్రాన్సిస్ క్షేమంగా తిరిగి వచ్చాడు. దేవునికి ఇష్టమైన మార్గమేదో తనకు తెలిసేటట్లు ప్రార్థించమని వీడ్కోలు వేళ సుల్తాను కోరాడని, ఆ ముట్టడి కాలంలో అక్కడే ఉన్న బిషప్ జాక్ డి విట్రీ రాశాడు. ఒకరి ప్రార్థనను మరొకరు కోరుకోవడం కన్నా పెద్ద గౌరవం నాకు తోచదు.

తన సన్యాసి సహోదరుల కోసం రాసిన 1221 నాటి నియమావళిలో ఫ్రాన్సిస్, ముస్లింల మధ్యకు వెళ్లే సహోదరులు వాదోపవాదాలకు దిగకుండా, దేవుని కొరకు అందరికీ లోబడి, తాము క్రైస్తవులమని మాత్రం ఒప్పుకుంటూ జీవించవచ్చునని రాశాడు; దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యాన్ని ప్రకటించడం రెండవ పద్ధతి. ముందు జీవితం, తరువాత మాట: ఆ వరుస నాకెంతో ఇష్టం.

వేరే మతానికి చెందిన నా మిత్రుడొకరు ఒకసారి, ప్రార్థనకు జవాబు రాకపోతే మీరేం చేస్తారని అడిగారు. నేను అరగంట సేపు వాక్యాలు వల్లించాను. ఆయన ఎందుకు అడుగుతున్నారో మాత్రం అడగలేదు. ఆ వారమంతా ఆయన తల్లి ఆసుపత్రిలో ఉన్నారని చాలా రోజులకు గాని తెలియలేదు. ఇప్పుడు ఎవరు అడిగినా, ఈ ప్రశ్న మీకెందుకు కలిగిందని ముందుగా అడిగి, వారు చెప్పడం పూర్తయ్యేదాకా వింటాను. ఆ తరువాతే నా ప్రభువును గురించి నాకు తెలిసినంత చెబుతాను.